పాలిష్ కింది పగుళ్లు - ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గారి జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసి పంపమని తమ్ముళ్లు అడిగారు. మేము ఈ రామచంద్రపురం హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్నాము. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకోవడం మాతోనే మొదలు. గాంధీ గారి గురించీ అంబేద్కర్ గారి గురించీ మనకంటే బాగా రాసేవారు ఈ సంచికలో ఉంటారు. అందుకని మనలో చాలామంది పేరు వినని ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాము. ఆయన పేరు వైను బప్పు. కొన్ని పుస్తకాల్లో వేణు బాపు అని కూడా ఉంటుంది. బొమ్మలు వేసి, సినిమాలు తీసిన మన బాపు గారు వేరు, ఈయన వేరు. ఈయన నక్షత్రాలను చదివినవారు. మన దేశంలోనే ఒక పెద్ద టెలిస్కోపు అద్దాన్ని అరగదీయించి, నునుపు చేయించాలని పట్టుబట్టినవారు.

ఈయననే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మా నాన్న మార్బుల్ నేలలకు పాలిష్ పట్టే పని చేస్తారు. రాయిని నునుపు చేయడమంటే ఏమిటో మాకు పుస్తకాల కంటే ముందు మా నాన్న చేతుల వల్ల తెలిసింది. ఆ సంగతి తరువాత చెబుతాము. ముందు బప్పు గారి చిన్నతనం చూద్దాం.

బాల్యం, చదువు

మనాలి కల్లాట్ వైను బప్పు గారు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. వారి కుటుంబం కేరళ నుంచి వచ్చింది. తల్లిదండ్రులకు ఆయన ఒక్కడే సంతానం. తండ్రి హైదరాబాదులోని నిజామియా నక్షత్రశాలలో ఉద్యోగి. 1901 ప్రాంతంలో నవాబ్ జఫర్ జంగ్ అనే జమీందారు సొంత ఆసక్తితో నెలకొల్పిన నక్షత్రశాల అది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. బేగంపేటలోని ఆ ఆవరణలో 15 అంగుళాల పెద్ద టెలిస్కోపు ఉండేది. మన పిల్లలు పొలం గట్ల మీద ఆడుకున్నట్టు ఆ పిల్లవాడు టెలిస్కోపుల నీడన పెరిగాడు. చదువుకున్నది హైదరాబాదు నిజాం కాలేజీలో. కాలేజీ రోజుల్లోనే, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను గమనించి పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. భౌతికశాస్త్రంలో మద్రాసు విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీ పట్టా అందుకున్నారు.

అప్పట్లో మన దేశంలో ఖగోళ శాస్త్రంలో పై చదువుకు దారులు తక్కువ. బప్పు గారు హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1949లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. స్కాలర్‌షిప్ విలువేమిటో ఈ సంచిక చదివే మనకెవరికీ వేరే చెప్పక్కరలేదు. వెళ్లిన కొద్ది నెలలకే, 1949 జులై 2న, ఆకాశాన్ని ఫొటో తీసిన ఒక గాజు ప్లేటు మీద లెక్కకు అందని ఒక మసక గీత ఆయన కంటపడింది. అది ఒక కొత్త తోకచుక్క. ఆయన గురువు బార్ట్ బాక్, తోటి విద్యార్థి న్యూకిర్క్ పేర్లతో కలిపి దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరు పెట్టారు. అందుకు పసిఫిక్ ఖగోళ సంఘం వారి డోనహో పతకం లభించింది. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు.

1952లో హార్వర్డ్ నుంచి డాక్టరేటు వచ్చింది. ఆ తరువాత కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ నక్షత్రశాలల్లో పనిచేశారు. పాలోమార్‌లో అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల, అంటే 5 మీటర్లకు పైబడిన వెడల్పు గల అద్దం ఉంది. దాన్ని అరగదీయడం 1936లో మొదలుపెడితే, నడుమ రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆగి, 1947కి పూర్తయింది. 20 టన్నుల గాజు దిమ్మలోంచి సుమారు 5 టన్నులు పొడిగా రాలిపోయింది.

అక్కడే బప్పు గారు ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఒక పెద్ద విషయం కనిపెట్టారు. నక్షత్రం నుంచి వచ్చే వెలుతురును పట్టకం లాంటి సాధనంతో రంగులుగా విడదీస్తే, అందులో కాల్షియం వల్ల ఏర్పడే ఒక గీత ఉంటుంది. ఆ గీత నడుమ కనిపించే వెలుగు ఎంత వెడల్పుగా ఉందో కొలిస్తే ఆ నక్షత్రపు అసలు కాంతి ఎంతో తెలిసిపోతుంది. అసలు కాంతి తెలిస్తే, మనకు కనిపించే కాంతితో పోల్చి దూరం లెక్కకట్టవచ్చు. 1957లో ప్రచురించిన ఈ సంబంధాన్ని నేటికీ విల్సన్-బప్పు ఎఫెక్ట్ అనే పేరుతోనే ప్రపంచమంతా చదువుతోంది. మా ఎమ్మెస్సీ పుస్తకంలో ఆ పేరు చూసినప్పుడు హైదరాబాదు వీధుల్లో తిరిగిన ఒక కుర్రవాడి పేరు అది అని తెలిసి ఎంతో సంతోషించాము.

తిరిగి స్వదేశానికి

అమెరికాలో ఉండిపోవడానికి ఆయనకు ఏ అడ్డూ లేదు. అయినా 1953లో తిరిగి వచ్చేశారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ నక్షత్రశాల బాధ్యత తీసుకుని, దాన్ని కాశీ నుంచి నైనితాల్ కొండల్లోకి మార్పించారు. 1960లో తమిళనాడులోని కొడైకెనాల్ నక్షత్రశాలకు డైరెక్టరయ్యారు. కొడైకెనాల్ సూర్యుణ్ణి చూడటానికి పేరుపడిన చోటు. రాత్రి ఆకాశాన్ని చూడటానికి మంచి చోటు కోసం ఆయన కొండలన్నీ వెతికించారు. చివరకు వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల్లో, సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, కావలూరు అనే చిన్న ఊరు కుదిరింది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల దక్షిణపు ఆకాశం కూడా అక్కడి నుంచి చాలావరకు కనిపిస్తుంది.

1968లో 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో అక్కడ పని మొదలైంది. అది కొడైకెనాల్ వర్క్‌షాపులో సొంతంగా తయారు చేసుకున్నది. 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా ఏర్పడింది. దాని మొదటి డైరెక్టరు బప్పు గారే. 1972లో జర్మనీ నుంచి కొన్న ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు, ఆ గ్రహం చుట్టూ వలయాలున్నాయని బయటపడింది. ఆ రాత్రి ఆ దృశ్యాన్ని నమోదు చేసిన కొద్ది చోట్లలో కావలూరు ఒకటి.

ఇంత జరిగినా ఆయనకు తృప్తి లేదు. ఒక మీటరు అద్దంతో అందని మసక నక్షత్రాలు ఎన్నో ఉన్నాయి. పెద్దది కావాలి. డబ్బు కూడబెట్టి పెద్దదాన్ని కూడా బయటి దేశంలో కొనేయవచ్చు. అలా కొంటే టెలిస్కోపు వస్తుంది కాని, దాన్ని చేసే విద్య రాదు. రేపు ఇంకొకటి కావాలంటే మళ్లీ చేయి చాచాలి. అందువల్ల ఆయన 2.34 మీటర్ల టెలిస్కోపును మన దేశంలోనే తయారు చేయించాలని నిశ్చయించారు. గాజు దిమ్మ మాత్రం బయటి నుంచి తెప్పించారు. వేడికి దాదాపు వ్యాకోచించని జెరోడూర్ అనే రకం గాజు అది, జర్మనీలో తయారైంది. దాన్ని అద్దంగా మలిచే పని బెంగళూరులోని తమ సంస్థ ఆప్టిక్స్ విభాగానికి, దాని పెద్ద ఎ.పి. జయరాజన్ గారికి అప్పగించారు.

అద్దం ఎలా తయారవుతుంది

2.34 మీటర్లంటే ఏడు అడుగుల ఎనిమిది అంగుళాలు. మన హాస్టల్ గుమ్మంలోంచి పట్టదు. బరువు మూడు టన్నులకు పైమాటే. బల్లపరుపుగా ఉండే ఆ దిమ్మను ముందు పళ్లెంలా గుంట చేయాలి. మేము లెక్క వేసి చూశాము. అంచు నుంచి చూస్తే నడుమ లోతు నాలుగున్నర సెంటీమీటర్లే. అయితే ఆ గుంట బంతి ఆకారంలో ఉంటే సరిపోదు, పరావలయం ఆకారంలో ఉండాలి. నడిమధ్యన రెండు ఆకారాలను ఆనించి పోలిస్తే, అంచు దగ్గర వాటి మధ్య తేడా ఒక తల వెంట్రుక మందమంత. ఆ తేడాను కూడా మైక్రాన్‌లో పదో వంతు కంటే తక్కువ తప్పుతో సాధించాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్.

ఈ పని ఏ దేశంలోనైనా ఒకే క్రమంలో జరుగుతుంది. ముందు ముతక రాపిడి పొడి, నీరు వేసి గాజును అరగదీస్తారు. తరువాత అంతకంటే సన్న పొడి. ఆ తరువాత ఇంకా సన్న పొడి. చివరకు తారు లాంటి పిచ్ అనే పదార్థం పూసిన పలకతో, సీరియం ఆక్సైడ్ లాంటి మెత్తని పొడి వేసి పాలిష్ చేస్తారు. అప్పుడు గాజు మెరుస్తుంది. పాలిష్ చేయడం, ఆపి పరీక్షించడం, మళ్లీ చేయడం. ఇలా నెలలూ ఏళ్లూ పడుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. గాజు పెళుసు పదార్థం. ముతక పొడి రేణువు దాన్ని నొక్కినప్పుడు పైన చిన్న పెచ్చు లేవడమే కాక, కిందికి సన్నని పగులు దిగుతుంది. పైన కంటికి కనిపించే గరుకుతనం కంటే ఆ పగులు లోతు కొన్ని రెట్లు ఎక్కువ. కాబట్టి తరువాతి సన్న పొడి చేయవలసిన పని పైన గరుకు పోగొట్టడం ఒక్కటే కాదు. ముందు పొడి చేసిన పగుళ్లు ఎంత లోతు దిగాయో అంత మందమూ తీసేయాలి. ఆ సన్న పొడి కూడా తనవైన చిన్న పగుళ్లు వదులుతుంది. వాటిని దాని తరువాతి పొడి తీయాలి. తొందరపడి ఏ ఒక్క మెట్టును మధ్యలో వదిలేసినా, పాలిష్ చేసేటప్పుడు పైన పలుచని పొర పరుచుకుని ఆ పగుళ్లను కప్పేస్తుంది. అద్దం తళతళలాడుతుంది. చూసినవాళ్లు మెచ్చుకుంటారు. లోపల మాత్రం పగుళ్లు అలాగే ఉంటాయి. చిన్న గాజు ముక్కనైతే ఆమ్లంలో ముంచి పైపొర కరిగిస్తే అవి నోరు తెరుచుకుని కనిపిస్తాయి. పెద్ద అద్దాన్ని అలా పరీక్షించి పాడుచేయలేరు. అందుకే ఒక్కో మెట్టులో ఎంత మందం తీశారో కొలుచుకుంటూ, ఓపికగా దిగడం తప్ప అడ్డదారి లేదు. దాగిన పగుళ్లు వెలుతురును చెదరగొడతాయి, గాజును బలహీనం చేస్తాయి.

పరీక్షించే పని కూడా అంతే ముఖ్యం. ఇంచుమించు ఇదే కాలంలో అమెరికాలో హబుల్ అంతరిక్ష టెలిస్కోపుకు 2.4 మీటర్ల అద్దం తయారైంది. నునుపులో దానికి సాటి లేదు. కాని పరీక్షించే పరికరంలో ఒక భాగం 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట అమర్చడం వల్ల, అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ అరిగిపోయింది. 1990లో ఆకాశంలోకి పంపాక గాని బొమ్మలు మసకగా ఉన్నాయని తెలియలేదు. 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేయవలసి వచ్చింది. అంతటి సంపన్న దేశానికే తప్పలేదంటే, మొదటిసారి ఇంత పెద్ద అద్దానికి చేయిపెట్టిన బెంగళూరు వారి గుండె ధైర్యం ఎంతటిదో ఊహించండి.

మా నాన్న నేర్పిన పాఠం

మార్బుల్ పాలిష్ మిషనుకు నంబర్ల రాళ్లు ఉంటాయి. తక్కువ నంబరు ముతక, ఎక్కువ నంబరు సన్న. ఒకసారి ఒక ఇంటివారు గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తొందరపెట్టారు. మా నాన్న నడుమ ఒక నంబరు రాయి వదిలేసి పైపాలిష్ పట్టేశారు. నేల అద్దంలా మెరిసింది. అందరూ బాగుందన్నారు. కొన్నాళ్లకు సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడేసరికి నేలంతా గుండ్రటి గీతలు తేలాయి. మా నాన్న కూలి తీసుకోకుండా మళ్లీ వెళ్లి, ముతక రాయి నుంచి మొదలుపెట్టి మొత్తం తిరిగి పట్టి వచ్చారు. అప్పుడు సెలవుల్లో ఉన్న మేము వెంట వెళ్లి నీళ్లు పోశాము. ఆయనకు చదువు లేదు. బప్పు గారి పేరు వినలేదు. కాని కింది గీత పోకుండా పైమెరుపు పెట్టకూడదన్న సంగతి ఆయనకు తెలుసు.

తమ్ముళ్లారా, మా సంగతీ చెప్పాలి. పదో తరగతిలో, ఇంటర్మీడియట్‌లో మాకు మంచి మార్కులే వచ్చాయి. హాస్టల్ నోటీసు బోర్డు మీద మా పేరు ఎక్కింది. కాని లెక్కల్లో మాకు అర్థం కాని చోట్లు బట్టీ పట్టి దాటేశాము. డిగ్రీలోనూ ముఖ్యమైన ప్రశ్నలు చూసుకుని గట్టెక్కాము. అడిగితే చులకనవుతామని ఏ మాస్టారినీ అడగలేదు. మాది హాస్టల్ చదువు, మా ఇంట్లో చెప్పేవారు లేరు అని ఎవరూ అనుకోకూడదని, తెలిసినట్టే తల ఊపేవాళ్లం. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టరులో ఆ మెరుపంతా రాలిపోయింది. లెక్కలు ఎక్కువగా ఉండే ఒక పేపరు తప్పాము. ఇంటికి ఫోను చేసి ఆ సంగతి చెప్పడానికి మాకు వారం రోజులు పట్టింది. చదువు మానేసి ఏదైనా పనిలో చేరదామనుకున్నాము. మా నాన్న కోప్పడలేదు. ఏ నంబరు రాయి దగ్గర వదిలేశావో అక్కడికి వెళ్లి మొదలుపెట్టమన్నారు. అంతే. ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం కొనుక్కుని, మాకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని మళ్లీ నేర్చుకున్నాము. సిగ్గనిపించింది. కాని ఆ పేపరు రెండోసారి పాసయ్యాము. ఈసారి పాసవడం వేరుగా అనిపించింది.

ఆయన చూడని వెలుగు

బప్పు గారి దగ్గరకు తిరిగి వద్దాం. ఆయనకు గౌరవాలు చాలా వచ్చాయి. 1970లో భట్నాగర్ బహుమతి, 1981లో పద్మభూషణ్. 1979లో ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. కాని ఆయన మనసంతా కావలూరు కొండ మీద లేస్తున్న గోపురం మీదే ఉండేదని ఆయన చేసిన పనిని బట్టి అర్థమవుతుంది. అద్దం బెంగళూరులో, ఇనుప భాగాలు వాల్‌చంద్‌నగర్ కర్మాగారంలో, నడిపించే పరికరాలు భాభా అణు పరిశోధన కేంద్రం సాయంతో తయారయ్యాయి. దేశంలో నాలుగు మూలల నుంచి నాలుగు విద్యలు ఒక కొండ మీదికి చేరాయి.

1982 ఆగస్టులో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఆయనకు గుండె శస్త్రచికిత్స జరిగింది. కోలుకోలేదు. ఆగస్టు 19న కన్నుమూశారు. యాభై ఐదో పుట్టినరోజు జరిగి అప్పటికి తొమ్మిది రోజులే అయింది. టెలిస్కోపు ఇంకా పూర్తి కాలేదు. తాను పట్టుబట్టి చేయించిన అద్దం మీద నక్షత్రపు వెలుతురు పడటం ఆయన చూడలేదు.

పని ఆగలేదు. ఆయన నేర్పించిన మనుషులు ఉన్నారు. ఆయన టెలిస్కోపు కొనేసి ఉంటే, ఆయనతో పాటే ఆ ఉత్సాహమూ ఆగిపోయేదేమో. విద్యను మనుషుల చేతుల్లో పెట్టారు కనుక వారు మరో మూడేళ్లు పనిచేసి పూర్తిచేశారు. 1985 నవంబరులో ఆ అద్దం మీద మొదటిసారి ఆకాశం పడింది. 1986 జనవరి 6న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ గారు దాన్ని జాతికి అంకితం చేసి, టెలిస్కోపుకూ కావలూరు నక్షత్రశాలకూ వైను బప్పు గారి పేరు పెట్టారు. అప్పటికి ఆసియాలోని పెద్ద టెలిస్కోపుల్లో అది ఒకటి. ఒక మీటరు అద్దం కంటే ఐదు రెట్లకు పైగా వెలుతురు పోగుచేస్తుంది. 2016లో నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు వచ్చేవరకు, ముప్పై ఏళ్లపాటు, మన దేశంలో కంటికి కనిపించే వెలుతురును చూసే టెలిస్కోపుల్లో అదే పెద్దది. దేవస్థల్ అద్దానికి పాలిష్ రష్యాలో జరిగింది. కావలూరు అద్దానికి మన బెంగళూరులో జరిగింది. ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి.

తమ్ముళ్లకు ఒక మాట

బప్పు గారు మనలాంటి ఇంట్లో పుట్టినవారు కారు. ఆయన తండ్రి నక్షత్రశాలలో ఉద్యోగి, మన తండ్రులు పొలాల్లో, కాలువ గట్ల మీద, కట్టుబడి పనుల్లో ఉన్నవారు. ఆయనకు చిన్నప్పుడే దొరికినవి మనకు ఇరవై ఏళ్లకు దొరుకుతున్నాయి. ఈ తేడా లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టము. మనకు మొదటి మెట్లలో తగిలిన గాట్లు లోతైనవి. టీచరు లేని ఏడాది, పనికి వెళ్లి బడి మానిన నెలలు, అర్థం కాకపోయినా దాటిపోయిన పాఠాలు. ఇవన్నీ లోపల పగుళ్లే. వాటికి మీరు సిగ్గుపడనక్కరలేదు, అవి మీరు చేసుకున్నవి కావు. కాని వాటి మీద మార్కుల పాలిష్ పట్టి ఊరుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు ఏటవాలు ఎండ పడుతుంది. అప్పటిదాకా ఆగవద్దు.

భిన్నాల దగ్గర ఆగిపోయారా, బీజగణితం దగ్గరా, ఇంగ్లీషు వాక్యం దగ్గరా? ఎక్కడైనా సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం. సెలవుల్లో మేము రామచంద్రపురంలోనే ఉంటాము. ప్రతి ఆదివారం ఉదయం హాస్టల్ వరండాలో కూర్చుంటాము. తొమ్మిదో తరగతివాడు ఐదో తరగతి లెక్క అడిగినా నవ్వేవారు అక్కడ ఎవరూ ఉండరు. పలక, బలపం తెచ్చుకున్నా ఫరవాలేదు. తప్పకుండా రండి.